సరకు మీది ఊరి పేరు



నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. అడంగలులో పట్టాదారు పేరు ఒక గడిలోను, అనుభవదారు పేరు మరొక గడిలోను, పైరు వేరొక గడిలోను ఉండును. అన్నిటిని ఒకే గడిలో వ్రాసినచో సాగుచేసిన రైతు మరుగున పడును. సరకుల మీది చీటీలకును ఈ న్యాయమే వర్తించును.

దిగుమతియైన పొట్లము మీద అది ఏ దేశపుదో తెలుపవలెనని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు శాసించుచున్నవి. మంచిదే. కాని ‘ఎక్కడిది’ యన్న ప్రశ్నకు సమాధానమేది? దూది పండిన చోటా? నేసిన చోటా? మూట కట్టిన చోటా?

మన శ్రీకాళహస్తి కలంకారీనే తీసికొనుడు. గుడ్డ ఎక్కడ నేసినదైనను కావచ్చును. దానిని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో తడిపి ఆరవేయుదురు. ఇనుప ముక్కలను బెల్లపు నీట ఊరవేసి, ఆ కసిమితో, వెదురు కలము పట్టి నల్లని గీతలు గీయుదురు. పటిక పూసిన చోట్ల, రంగునీట ఉడికించగా ఎరుపు దేరును. పారునీట జాడింతురు. ఒక్క చీరకు ఎన్నియో దినములు పట్టును. ఆ గుడ్డకు పేరు తెచ్చినది ఈ చేతిపనియే. కనుక యంత్రముపై అచ్చువేసిన చీరను శ్రీకాళహస్తి అంగడిలోనే అమ్మినను అది శ్రీకాళహస్తి కలంకారీ కానేరదు. పెడనలో కొయ్య అచ్చులతో అద్దెడి కలంకారీయు గొప్ప విద్యయే. దాని పేరు దానికుండవలెను.

1999లో పార్లమెంటు చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టము 2003లో అమలులోనికి వచ్చినది. దాని క్రింద శ్రీకాళహస్తి కలంకారీ నమోదైనది. 2009లో తిరుపతి లడ్డూయు నమోదైనది. కాని నమోదు దస్త్రములో నుండును; బేరము అంగడిలో జరుగును. ‘కలముతో గీసినదా? అచ్చు వేసినదా? ఎక్కడ?’ అని కొనువారు అడుగనిచో, చౌక నకలు ఆ పేరును దోచుకొనును. గీసిన చేతికి కూలి తరుగును. కూలి తరిగిన యింటి బిడ్డలు కలము విడిచి వేరు పని వెదకుకొందురు. అప్పుడు చీటీ మీద ఊరి పేరు మిగులును, ఊరిలో విద్య మిగులదు.

కావున చీటీలో మూడు గడులుండవలెను: ముడిసరకు ఎక్కడిది, పని ఎక్కడ జరిగినది, అమ్మువారెవరు.

ఈ గ్రంథాలయములోని ఏ పుస్తకము తెరచినను రచయిత పేరు ఒకచోట, ప్రకాశకుని పేరు మరొకచోట కనబడును. గ్రంథమునకు చేసెడి ఆ మర్యాదను గుడ్డకును చేయుదము.