హిట్లరను నింద
(మెదకు పట్టణ పఠన మందిరమునందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఎన్నికలు సమీపించినంతనే మన వీధులయందు హిట్లరు పునర్జన్మ మెత్తుచున్నాడు. ఒక పక్షమువారికి ఎదుటి అభ్యర్థి హిట్లరు. ఆ పక్షమువారికి ఈయన ముస్సోలినీ. అదియు చాలనిచో నిజాము పేరు ఉండనే యున్నది. ఈ దోషము నాకును అంటినదే. తెలంగాణ రాష్ట్రోద్యమ దినములలో స్వచ్ఛంద సేవకుడనై తిరుగుచు, ఒక సభలో ఒక మంత్రిని హిట్లరని తిట్టి చప్పట్లు కొట్టించుకొంటిని. సభ ముగిసిన పిదప ఒక వృద్ధుడు నా చేయి పట్టుకొని, "వకీలు సాబ్! హిట్లరు రాజ్యంల గిట్ల మాట్లాడి ఇంటికి పోతుంటివా?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు.

ఈ పోలికను విచారించుటకు మెదకుకంటె తగిన ఊరు కానరాదు. 1975 జూన్ 25వ తేదీ రాత్రి అత్యవసర పరిస్థితి విధించిన ఇందిరాగాంధీగారిని ప్రతిపక్షులు హిట్లరుతో పోల్చిరి. ఆమెయే 1980 జనవరిలో మన మెదకునుండి నిలిచి, జనతా అభ్యర్థి జైపాల్ రెడ్డిగారిని రెండు లక్షలకు పైబడిన ఓట్ల ఆధిక్యముతో ఓడించిరి. రాయబరేలీలోను గెలిచి, దానిని వదలుకొని మెదకునే ఉంచుకొనిరి. 1984 అక్టోబరు 31న హత్యకు గురియగువరకు ఆమె మన ప్రతినిధి. మరి మన పెద్దలు ఒక హిట్లరుకు ఓటు వేసిరా?

న్యాయస్థానమున అభియోగము మోపువాడు ఆ నేరమునకు గల అంగములన్నిటిని నిరూపింపవలెను. పోలిక కలదు; దానిని దాచనక్కరలేదు. 1933 ఫిబ్రవరి 27 రాత్రి జర్మను పార్లమెంటు భవనము తగులబడెను. మరునాడే వైమారు రాజ్యాంగపు 48వ అధికరణము క్రింద పౌరస్వేచ్ఛలను రద్దుపరచిరి. ఇచ్చట 352వ అధికరణము అట్లే పనికివచ్చెను. రెండు చోట్లను తాళము పగులగొట్టలేదు. తాళపుచెవి రాజ్యాంగముననే యుండెను. లక్షకు పైగా జనులు నిర్బంధితులైరి. పత్రికల నోరు కట్టబడెను. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులకు నలుగురు, నిర్బంధితునికి హేబియస్ కార్పస్ కోరు హక్కు లేదనిరి. విభేదించిన ఖన్నాగారికి న్యాయముగా రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి మరుసటి జనవరిలో ఇతరునికి పోయెను. ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పుటకు 2017 వరకు పట్టినది. మా వృత్తివారము దీనిని తలచినపుడెల్ల తల వంచుకొందుము.

ఇక భేదమును చూడుడు. జర్మనీలో ఆ ఫిబ్రవరి శాసనము 1945లో నాజీ రాజ్యము కూలువరకు తొలగలేదు. 1933 మార్చి 23న పార్లమెంటే 444 ఓట్లతో శాసనాధికారమును మంత్రివర్గమునకు ధారపోసెను. జులైలో నాజీపక్షము తప్ప తక్కినవి నిషేధింపబడెను. నవంబరు ఎన్నికలో ఓటరు చేతికి ఒక్కటే జాబితా వచ్చెను. ఆ పిదప 60 లక్షల యూదుల సంహారము. ఇందిరాగాంధీగారు 1977 మార్చిలో ఎన్నిక జరిపి, తామే రాయబరేలీలో ఓడి, పదవి విడిచిరి. 1978లో 44వ సవరణ వచ్చి, "ఆంతరంగిక కల్లోలము" అను వదులు మాటను తీసివేసి "సాయుధ తిరుగుబాటు" అని బిగించెను.

కనుక నేరము కలదు, పేరు తప్పు. ఈ తప్పు వలన నష్టమెవరికి? హిట్లరని కేకవేసినపుడు శ్రోత మారణశిబిరములకై వెదకును. అవి కానరాకున్న ముద్దాయిని పూర్తిగా విడిచిపెట్టును. 21 నెలల జైళ్లు, సెన్సారు, ఉత్తరదేశమున బలవంతపు శస్త్రచికిత్సలు, అన్నియు ఆ విడుదలలో కొట్టుకొనిపోవును. నిజాము పేరునకును ఇదే గతి. సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలెనను గస్తీ 53 దినములలో, 1930లో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మన జోగిపేటలో ఆంధ్ర మహాసభ కూడెను. ఆ కష్టము పడినవారి మాటను మనము మైకుముందు చిల్లరగా ఖర్చు చేయుచున్నాము.

అట్లని పోలిక అసలే కూడదని నేననను. హిట్లరును 1932లో అభ్యర్థియే. అధ్యక్షపదవికి నిలిచి హిండెన్‌బర్గు చేతిలో ఓడినవాడే. ఇటలీలో ఎన్నికల అక్రమములను సభలో ఎండగట్టిన మాత్తెయొట్టి 1924 జూన్ 10న అపహరింపబడి హతుడాయెను. అభ్యర్థి గొంతును, అంగవిన్యాసమును కాక, ఓడిన దిగిపోవునా, తనకు ప్రతికూలమైన తీర్పును పాటించునా, విమర్శించిన పత్రికను ఏమి చేయును అని అడిగి, సాక్ష్యముతో పోల్చినచో నాకు ఆక్షేపణ లేదు. ఈ ప్రశ్నలను మన పక్షపు అభ్యర్థినే ముందుగా అడుగుట కష్టము, నేనింతవరకు అడుగలేదు.

ఆ వృద్ధుడు నేడు లేడు. ఉన్నచో జైపాల్ రెడ్డిగారి కథ చెప్పియుందును. అత్యవసర పరిస్థితిని నిరసించి ఆయన కాంగ్రెసు వీడిరి. మెదకులో ఆమెకెదురు నిలిచి ఓడి, క్షేమముగా ఇంటికి పోయిరి. 1999లో మరల ఆ పక్షముననే చేరి, తరువాత కేంద్రమంత్రియు నైరి. 1933 నవంబరు నాటి జర్మనీలో, ఆయన నిలుచుటకు ఓటు కాగితముపై చోటే లేదు.