చిగుళ్లలో జరిగే యుద్ధం



పళ్లు తోముకునే వేళ నురుగులో ఎర్రచార కనిపిస్తే, బ్రష్ గరుకుగా ఉన్నదనుకొని చాలామంది పుక్కిలించి పనికి వెళ్లిపోతారు. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకుంటారు. కాని ఆ చార వెనుక శరీరం జరుపుతున్న ఒక యుద్ధం ఉన్నది.

ఆ యుద్ధంలోని ఆయుధాలలో నైట్రిక్ ఆక్సైడ్ ఒకటి. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు కలిసిన వాయువు ఇది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుండి శరీర కణాలే దీనిని తయారుచేసుకుంటాయి. రక్తనాళాలను సడలించే సందేశవాహకంగా దీని పాత్రను వెల్లడించినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి లభించింది.

ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లలో ఇది కొద్దిగా పుట్టి మేలు చేస్తుంది. పంటి మొదట పాచి పేరుకొని సూక్ష్మజీవులు పెరిగినప్పుడు మాత్రం మరొక ఎంజైము మేల్కొని, ఈ వాయువును అధికంగా, ఎక్కువకాలం ఉత్పత్తి చేస్తుంది. వాచిన చిగుళ్లను పరీక్షించినప్పుడు ఆ ఎంజైము మామూలు చిగుళ్లలో కంటే ఎక్కువగా కనిపించింది. సూక్ష్మజీవులను చంపడమే దాని ఉద్దేశం. అయితే పాచి తొలగనంతకాలం యుద్ధం ఆగదు. మితిమీరిన వాయువు సూపరాక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారుతుంది. దానికి తన, పర భేదం లేదు. సొంత కణాలను సైతం గాయపరుస్తుంది. కాలక్రమంలో పంటిని పట్టి ఉంచే తంతువులు తెగుతాయి, ఎముక కరుగుతుంది, పన్ను కదులుతుంది. ఈ నష్టానికి నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కటే కారణం కాదు. కాని అందులో దాని పాలు ఉన్నది.

బీడీలు చుట్టి బ్రతికే సోలాపూర్ తెలుగు ఇళ్లలో పొగాకు ఎప్పుడూ చేతికందే వస్తువే. పళ్లకు రుద్దే మిశ్రీ కూడా కాల్చిన పొగాకు పొడే. పొగ త్రాగేవారి చిగుళ్లలో రక్తం తక్కువగా కనిపిస్తుంది. అది ఆరోగ్యానికి గుర్తు కాదు. వ్యాధి లోలోపల పెరుగుతున్నా హెచ్చరిక మాత్రం అణగిపోతుంది. మధుమేహం ఉన్నవారికి ఈ ముప్పు మరింత అధికం.

వాపు దశలోనే పాచిని తొలగించుకుంటే చిగుళ్లు పూర్తిగా కోలుకుంటాయి. కరిగిన ఎముక మాత్రం దానంతట అది తిరిగి రాదు. గట్టిపడిన గారను బ్రష్ తీయలేదు. దంతవైద్యుని చేత శుభ్రం చేయించుకోవాలి. అలా చేయిస్తే పళ్లు వదులవుతాయన్నది అపోహ. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోముకోవడం, పొగాకు మానడం ఇంటిలోనే చేయదగిన చికిత్స.

పుక్కిలిస్తే పోయేది రక్తమే. దాని కారణం పంటి మొదట్లోనే మిగిలి ఉంటుంది. ఎర్రచార కనిపించిన వారం వైద్యుని వద్దకు వెళ్లినవారు పంటిని నిలుపుకుంటారు.