అప్పగింతలు కాదు, అజమాయిషీ కావాలి



ఆటల్లో ఆడపిల్లలు అనగానే మనం అవకాశాల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఎంతమందిని పంపుతున్నారు, మైదానాలున్నాయా, హాస్టళ్ళున్నాయా అని అడుగుతాం. పంపిన తర్వాత కోచ్ తీసుకునే నిర్ణయాలను తల్లిదండ్రులు ఎలా చూస్తున్నారన్నది మన చర్చల్లోకి పెద్దగా రాలేదు. ఈరోజు దాని గురించి మాట్లాడతాను.

మైదానాల దగ్గర తల్లిదండ్రులతో మాట్లాడుతుంటే ఒక తేడా నాకు పదేపదే కనబడింది. కొడుకుని జట్టులోంచి తప్పిస్తే తండ్రి వెళ్ళి కోచ్‌ని నిలదీస్తాడు. అదే కూతురి విషయంలో, “మీ బిడ్డే అనుకోండి సార్, మీ ఇష్టం” అంటాడు. ఆమె ఏం తినాలి, జుట్టు ఎంత ఉంచుకోవాలి, ఎవరితో మాట్లాడాలి అన్నవన్నీ ఆ ఒక్క మాటతో కోచ్ చేతిలోకి పోతాయి. ఇది పెళ్ళిలో అప్పగింతల లాంటిదే. తెల్లవారుజామున లేచి పిల్లను తయారుచేసి పంపే తల్లిని మాత్రం కోచ్‌గానీ, తండ్రిగానీ సంప్రదించరు.

2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజతం గెలిచాక, మూడు నెలలుగా ఆమె దగ్గర ఫోన్ లేదని, ఇక తిరిగి ఇస్తానని కోచ్ గోపీచంద్ చెప్పారు. అప్పటికి ఆమెకు 21 ఏళ్ళు. ఆ క్రమశిక్షణ ఆటకు అవసరమే కావచ్చు, ఆమె ఇష్టపడే ఒప్పుకుని ఉండొచ్చు. పైగా ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు, కోచ్ మాటను తూచి చూడగలరు. ఆ అనుభవం లేని ఇళ్ళకు ఆ కథ చేరేసరికి ఫోన్ లాక్కోవటం ఒక్కటే నీతిగా మిగిలింది. పిల్ల ఒప్పుకుందా అన్న ప్రశ్న జారిపోయింది.

ఈ నమ్మకం చెదిరిన రోజున ఏం జరుగుతుంది? కోచ్‌ని మార్చమని అడిగేవాళ్ళు అరుదు. పరువు, పెళ్ళి గుర్తొచ్చి పిల్లనే ఆట మాన్పిస్తారు. ఈ సంగతి పిల్లలకు బాగా తెలుసు. అందుకే ఒంటిమీద చెయ్యి వేసినా, బూతులు తిట్టినా ఇంట్లో చెప్పరు. పేద, దళిత, ఆదివాసీ పిల్లలకైతే స్పోర్ట్స్ హాస్టలంటే తిండి, చదువు, రేపటి ఉద్యోగం మీద ఆశ కూడా. నోరు విప్పితే అవన్నీ పోతాయన్న భయం.

2023 జనవరిలో ఒలింపిక్, ప్రపంచ పతకాలున్న మహిళా మల్లయోధులే లైంగిక వేధింపులపై చర్య కోరుతూ ఢిల్లీ జంతర్‌మంతర్‌లో కూర్చున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళితే తప్ప ఏప్రిల్‌లో కేసు నమోదు కాలేదు. మరి మండల స్థాయిలో ఆడే పద్నాలుగేళ్ళ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

చట్టాలున్నాయి. పని స్థలాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం స్టేడియాలను, క్రీడా శిక్షణ సంస్థలను కూడా పని స్థలాలుగానే చెప్పింది. 18 ఏళ్ళలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. నేరం గురించి తెలిసినవాళ్ళు ఫిర్యాదు చేసి తీరాలని అది చెబుతోంది.

కనుక తల్లిదండ్రులతో, ముఖ్యంగా తల్లులతో మనం పనిచేయాలి. ఎంపికకు, శిక్షకు, బరువు తగ్గమనటానికి కారణాలు అడగటం వాళ్ళ హక్కు. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు మైదానం గోడమీద ఉండాలి. ఊరు దాటి పోటీలకు వెళితే బాధ్యత గల స్త్రీ వెంట ఉండాలి. వీటన్నిటికంటే ముందు, “నువ్వేం చెప్పినా నీ ఆట మాన్పించం” అని ప్రతి ఇంట్లోనూ కూతురికి మాటివ్వాలి. ఆ హామీ లేనిదే ఏ కమిటీ ముందుకూ ఏ పిల్లా రాదు.