యామ్ – ఈజ్ – ఆర్
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తార్నాక దగ్గర ఇంగ్లీషు బోధన కోసమే 1958లో ఏర్పడిన సంస్థ ఉంది. ఇప్పుడది ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడి ప్రొఫెసర్లు చెప్పవలసిన వ్యాకరణం ఒక రిటైర్డు గుమాస్తా చెప్పడమేమిటని మీరనుకోవచ్చు. కాని 'బి' అనే ఒక్క క్రియతోనే మన సర్వీసంతా గడిచింది గదా!

ఇంగ్లీషులో మామూలు క్రియకు వర్తమానంలో రెండే రూపాలు: గో, గోస్. 'బి'కి మాత్రం మూడు: యామ్, ఈజ్, ఆర్. మూడూ మన ఫైళ్ళలో ఉండేవే. ఉత్తరమైతే 'ఐ యామ్ డైరెక్టెడ్' అని మొదలు. ఆఫీసు మెమొరాండమైతే 'ది అండర్‌సైన్డ్ ఈజ్ డైరెక్టెడ్'. సంతకం చేసేది ఒకే అధికారి. మెమోలో తనను తాను వేరొకరిలా చెప్పుకుంటాడు గనుక 'యామ్' పోయి 'ఈజ్' వస్తుంది. జీవోలో 'గవర్నమెంట్ ఆర్ ప్లీజ్డ్' అంటారు. మనుమలు అది తప్పంటారు. తప్పు కాదు, పాత బ్రిటిషు వాడుక. మనం 'ప్రభుత్వంవారు ఆదేశించారు' అనడం లేదూ?

తెలుగులో ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు, ఉంది, ఉన్నాం, ఉన్నారు, ఉన్నాయి అని ఏడు రూపాలున్నా ధాతువు ఒక్కటే, చివర మాత్రమే మారుతుంది. ఇంగ్లీషు 'బి' వేర్వేరు పాత ధాతువుల కలగూరగంప. యామ్, ఈజ్ సంస్కృతంలోని అస్మి, అస్తిలకు చుట్టాలు. 'బి' భవతికి, 'వాజ్' వసతికి చుట్టాలు. సంస్కృతం, గ్రీకు, లాటిన్‌లది ఒకే మూలమై ఉండాలని 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అన్నారు. తెలుగు ఆ కుటుంబానిది కాదని 1816లో కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఎల్లిస్ దొర నిరూపించారు.

ఇక అసలు సంగతి. లైఫ్ సర్టిఫికెట్‌కు ప్రాణం 'ఈజ్ అలైవ్' అన్న రెండు ముక్కలే. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పని జరుగుతోంది, నిజమే. కాని కాగితం ఫారాలు పూర్తిగా పోలేదు. వాటిలో 'ఐ యామ్ / యామ్ నాట్ ఎంప్లాయిడ్' అని ఉంటే, వర్తించనిది కొట్టివేయాలి. 'నాట్' ఉన్న ముక్కను కొట్టివేస్తే, ఉద్యోగం లేని మనిషి ఉద్యోగం చేస్తున్నట్టు స్వయంగా ఒప్పుకున్నట్టే. 'ఐ హావ్ నాట్ రీమ్యారీడ్' అంటే నేటి వరకూ పునర్వివాహం చేసుకోలేదని అర్థం.

మన ఇళ్ళలో చాలామంది ఆడవాళ్ళు చూపినచోట సంతకం పెడతారు. రేపు ఫామిలీ పెన్షన్ ఫారం పట్టుకుని కౌంటరు ముందు ఒంటరిగా నిలబడవలసినది వారే. మన పేరు పక్కన 'ఈజ్' ఉండగానే, అది 'వాజ్' కాకముందే, ఈ నాలుగు వాక్యాలూ దగ్గర కూర్చోబెట్టుకుని చదివి అర్థం చెప్పండి. మీకు ఓపిక లేకపోతే మనుమల చేత చెప్పించండి. వాళ్ళ వ్యాకరణానికీ అభ్యాసమవుతుంది.