కత్తితో పాటు మాట నేర్పు

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథ నడిపే ఆటల్లో మొదట పేరు తెచ్చుకున్నది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో విడుదలైంది. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టింది కాబట్టి దీని నియమాల్లో పోరుకే పెద్దపీట.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ మాత్రం అన్వేషణ, సంభాషణ, పోరాటం మూడూ ఆటకు మూలస్తంభాలని చెప్పింది. అయినా అందులో యోధుడి వర్గానికి రెండు నైపుణ్యాలే, దొంగకు నాలుగు. ఈ లోటును కొంత పూడ్చేది పాత్ర పూర్వజీవితం. అది ప్రతి పాత్రకూ మరో రెండు నైపుణ్యాలిస్తుంది. పల్లె వీరుడిగా పేరు తెచ్చుకున్న యోధుడికి పశువులను మచ్చిక చేయడం, అడవిలో బతకడం వస్తాయి. కోట కాపలావాడిని ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్ర ఆకర్షణ శక్తిని బట్టి వచ్చే అంకె కలుపుతారు. ఒప్పించే నైపుణ్యం ఉంటే మొదటి స్థాయిలో మరో 2 కలుస్తుంది.

1981 నాటి 'కాల్ ఆఫ్ క్తుల్హు' అనే ఇలాంటి మరో ఆటలో తూకం మరోవైపు మొగ్గింది. అక్కడ తుపాకీ కన్నా గ్రంథాలయంలో వెతికే నేర్పే ఎక్కువసార్లు అక్కరకొస్తుంది.

పాత్రను తయారుచేసేటప్పుడు బృందమంతటినీ దృష్టిలో పెట్టుకోవాలి. పోరులో ఒక పని, పోరు లేనిచోట ఒక పని ప్రతి పాత్రకూ ఉంటేనే ఆట అందరిదీ అవుతుంది.