ఎముకలలోని సున్నము, ధమనులలోని సున్నము



డెబ్బదియేండ్ల రైతొకడు నడుమునొప్పితో నాయొద్దకు వచ్చెను. ప్రక్కనుండి తీయించిన ఎక్స్‌రే పటమును వెలుతురున కెత్తి చూచితిని. తెల్లగా నుండవలసిన వెన్నుపూసలు మసకబారియున్నవి. వానికి ముందు, ఏమియు కనబడగూడని చోట, రెండు తెల్లని గీతలు నిలువుగా దిగియున్నవి. అవి గుండెనుండి దిగు మహాధమని గోడలు. "అయ్యా, ఎముకలలోని సున్నము ఈ గొట్టములోని కెట్లు పోయినది?" అని యతడడిగెను.

పెరిగిన మనుష్యుని దేహమున సున్నపు ధాతువు, అనగా కాల్షియము, సుమారొక కిలోగ్రాము కలదు. అందు నూటికి 99 పాళ్లు ఎముకలలోను దంతములలోను నుండును. మిగిలిన స్వల్పభాగము లేనిదే గుండె కొట్టుకొనదు. ఆహారమున చాలనిచో దేహము ఎముకనుండి తీసికొనును. విత్తనపు గింజలు వండుకొని తినుటవంటిదే యిది. ముట్లుడిగిన స్త్రీలలో ఎముక తరుగుట మరింత వేగముగ జరుగును.

అయినను ఎముక వీడిన సున్నమంతయు తిన్నగా ధమనిలో పేరుకొనునని తలపరాదు. ధమనిగోడలో సున్నమును నిలువనీయక కాచు మాంసకృత్తొకటి కలదు. 1997లో అది లేని చిట్టెలుకలను పెంచి చూడగా, వాని ధమనులు సున్నముబట్టి చిట్లి, రెండునెలలలోపల చచ్చినవి. ఆ కావలివాడు పనిచేయుటకు ఆకుకూరలలో విస్తారముగ నుండు 'కె' విటమిను కావలెను. (నెత్తురు పలుచనగుటకు మందు పుచ్చుకొనువారు మాత్రము వైద్యునడుగక కూరల వాడుక మార్చరాదు.) వార్ధక్యము, రక్తపుపోటు, మధుమేహము, పొగ, మూత్రపిండముల జబ్బు, వీనివలన గోడలోని కణములే ఎముకకణముల పోలిక దాల్చును. వెనుకటి మోటతొండము ఎండి బిరుసెక్కినచో నెట్లుండునో పెద్దలెరుగుదురు. ధమనియు నట్లే యగును. గుండెకు శ్రమ హెచ్చును. కావున నడుము వంగినవారికి గుండెనుగూడ పరీక్షించుట మంచిది.

ఈ మాట విని పాలు, మజ్జిగ మానినవారిని చూచితిని. అది పొరపాటు. నోటికందనిది ఎముకనుండి పోవును. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు మించి సున్నము కలదు. మాత్రల సంగతి వేరు. వానివలన గుండెకు హాని కలదా లేదా యనుటలో వైద్యులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. తమంతట తాము కొని మ్రింగరాదు. తాంబూలపు సున్నము చాలదా యని కొందరందురు. దానివెంట పోకయు పొగాకును లోనికి పోవుచున్నవి గదా!

ఆ రైతునకు రక్తపుపోటు కొలువగా 170 తేలెను. అంతవరకు అతడెన్నడును కొలిపించుకొని యుండలేదు. ఇప్పుడు మందు వాడుచున్నాడు, చుట్ట మానినాడు, ప్రొద్దుటియెండలో చెరువుగట్టు వరకు నడచివచ్చుచున్నాడు. రాగిసంకటియు మజ్జిగయు మానలేదు.