కలబంద సేద్యము
(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులకై చేసిన ఉపన్యాసము)



దృష్టిదోషము తగులకుండుటకై గుమ్మమునకు తలక్రిందులుగా వ్రేలాడగట్టిన కలబంద, మన్నును నీరును లేకయే చాలకాలము పచ్చగా నుండుట అందఱు నెఱిగినదే. ఇతర సస్యములు పగటివేళ ఆకుల సూక్ష్మరంధ్రములను తెఱచి గాలిని గ్రహించును. ఆ త్రోవనే వాని తేమ ఆవిరియై పోవును. కలబంద ఆ రంధ్రములను రాత్రి చల్లదనమున తెఱచి, పగలు మూసికొనును. దళసరి మట్టలలోని గుజ్జునందు నూటికి 98 పాళ్లకు పైగా నీరే. కావున అనావృష్టికి ఈ మొక్క వెఱవదు. దీనికి శత్రువు నిలువనీరు.

కుందూనది పొడవునను, కర్నూలు–కడప కాలువ క్రిందను గల నల్లరేగడి తేమను చాలకాలము పట్టి యుంచును. అందు కలబంద వేరు క్రుళ్లును. మంచి ధాన్యపు నేల చెడగొట్టుకొనుటయు నగును. నల్లమల పాదమున వాలుగానుండు గరుసు నేల, ఎఱ్ఱ నేల దీనికి తగినవి. రేగడియే గతియైనచో ఎత్తయిన బోదెలపై నాటి, నీరు పోవుటకు కాలువ తీయవలయును.

తల్లిమొక్క ప్రక్కన మొలచు పిలకలే విత్తనము. జానెడు పిలకలను వేరుతో తీసి, గాయము ఆఱువఱకు మూడు నాలుగు దినములు నీడనుంచవలయును. తొలకరి వానల పిమ్మట, చివికిన పశువుల యెరువు కలిపిన నేలలో, రెండడుగుల కొకటి చొప్పున నాటవలయును. మొవ్వులో మన్ను పడరాదు. పిమ్మట వేలు గ్రుచ్చి చూచి, నాలుగంగుళముల లోతువఱకు నేల ఎండిననే తడి యీయవలయును. మెత్తబడి కంపుకొట్టు మొక్కను వెంటనే పెఱికి దూరముగా పాఱవేయవలయును.

కిత్తనార మట్టను కలబందగా భ్రమింపరాదు. కిత్తనార మట్టలో నారయుండును. దాని రసము చర్మమునకు దురద పుట్టించును.

సుమారు సంవత్సరమునకు మట్టలు కోతకు వచ్చును. వెలుపలి ముదురు మట్టలను మూడు నాలుగింటిని మాత్రమే పదునైన కత్తితో కోసి, మొవ్వును విడువవలయును. కోసిన కొనను క్రిందికుంచినచో పసుపురసము కాఱిపోవును. ఆ రసము ఎండినదే ముసాంబరము. అది తీవ్రమైన విరేచనకారి. గర్భిణులకును, పిల్లలకును ఈయరాదు.

ఇక ముఖ్యవిషయము. వేరుసెనగను బస్తాలకెత్తి ధర వచ్చువఱకు నిలువచేయవచ్చును. కలబంద మట్ట అట్లు నిలువదు. కోసిన కొలది గంటలకే గుజ్జు గుణము తగ్గనారంభించును. దూరపు బేరగానికి పంపునప్పటికి బండి బాడుగయు రైతుపైనే పడును. పిలకలు అమ్మువారు పంటనంతయు తామే కొందుమని నోటిమాటగా చెప్పినచో నమ్మరాదు. ధర, తూకము, బాడుగ, సొమ్ము చెల్లించు గడువు వ్రాతమూలకముగా నుండవలయును.

ఎకరమునకు సుమారు 10,890 పిలకలు పట్టును. అన్నింటిని ఒక్కసారి కొనుట అప్పునకు త్రోవ. 5 సెంట్ల గరుసు నేలకు 545 చాలును. అవియే పిలకలు పెట్టి, మఱుసటి ఏండ్లలో విత్తనము ఖర్చు తప్పించును. కొనువాడు నిలకడగా దొరికినచో సేద్యము పెంచవచ్చును. దొరకనిచో నష్టము 5 సెంట్లతో ఆగును. జొన్న, సెనగ పండు నేలను మాత్రము దీనికై తాకవలదు.